పువ్వులోంచి ఏం తీసేయాలి?

(మచిలీపట్నంలో కుట్టుపని, అద్దకం నేర్చుకుంటున్నవారి కోసం ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ గుడ్డ మీ చేతికి ఇస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు తడిమి చూసి పక్కవారికి అందించండి. మాసిపోతుందేమోనని భయపడకండి, ఉతకడానికి పనికొచ్చేదే.

అది మందారం. ఐదు రేకల ఒంటి మందారం, మా పెరట్లో పూసింది. చూసినవాళ్ళు కొందరు మందారమా మంటా అని అడుగుతారు. నాకు రెండూ కావాలి, అందుకే అలా కుట్టాను. వేలితో తడిమితే తెలుస్తుంది, ఒక్కో రేకలో ఒక్కో రకం కుట్టు ఉంది. ఒకదానిలో గొలుసు కుట్టు, ఒకదానిలో బొంత కుట్టు, మధ్యలో కేసరాల చోట ముడి కుట్టు. దారాలు మాత్రం నాలుగే రంగులు. మూడు ఎరుపులు, ఒక నలుపు.

ఇప్పుడు తెర మీద చూడండి. దీనికి మూలమైన ఫొటో ఇది. ఈ ఫొటోలో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టమంటే కంప్యూటర్ వేలల్లో చెబుతుంది. వేల రంగుల పువ్వు నాలుగు దారాల్లోకి ఎలా వచ్చిందో, ఆ దారిలో నేను ఏమేం తీసేశానో చెప్పడానికే వచ్చాను.

నేను ఇరవై ఏళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నాను. మొదట్లో డిజైన్ అంటే బజారులో దొరికే డిజైన్ పుస్తకమే. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. నచ్చిన బొమ్మ దింపుకోవడం, ట్రేసింగ్ పేపర్ మీద గీసుకోవడం, కుట్టేయడం. ఒకసారి ఒక పెళ్ళిలో నేను కుట్టిన జాకెట్ వేసుకున్న అమ్మాయికి ఎదురుగా అదే కలువ తీగ, అదే ఆకు, అదే మెలికతో ఇంకో అమ్మాయి వచ్చింది. ఆమెది వేరే ఊళ్ళో కుట్టించినది. నేను కుట్టిన జాకెట్ వేసుకున్న అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, నాది కొంచెం వేరుగా ఉంటుందనుకున్నాను" అంది, అంతే. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. నేను అడిగినంత డబ్బు ఆమె ఇచ్చింది, నేను ఆమెకు ఎవరిదో పువ్వు ఇచ్చాను.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతూ తన పాత లాప్‌టాప్ నాకిచ్చి, అందులో గింప్ అనే, ఫొటోలు మార్చుకునే సాఫ్ట్‌వేర్ వేసిపెట్టింది. పూర్తిగా ఉచితం. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు 1995లో మొదలుపెట్టిన పని అది. ఈరోజుకీ ఎంతోమంది స్వచ్ఛందంగా దాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నారు. ఇక్కడ ఎవరికైనా సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదని దిగులుంటే ఈ క్షణమే వదిలేయండి.

మొదటి నెలంతా నేను కనబడ్డ ప్రతి ఫిల్టరూ నొక్కాను. మందారాన్ని నూనె రంగుల బొమ్మలా, నీళ్ళలో ప్రతిబింబంలా, గాజు ముక్కల్లా మార్చాను. తెర మీద ఒక్కొక్కటీ కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది. ఒక్కటి కూడా కుట్టలేకపోయాను. ఎందుకో అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఫొటోలో రంగు అడుగడుగునా మారుతూ పోతుంది. ఎరుపు ఎక్కడ ఆగి గులాబీ ఎక్కడ మొదలైందో చెప్పలేం. సూదికి మాత్రం ఒక అంచు కావాలి. ఇక్కడ దిగాలి, అక్కడ పైకి లేవాలి అని తెలియాలి. అద్దకం అచ్చుకూ అంతే. అచ్చు గుడ్డను తాకిన చోట రంగు ఉంటుంది, తాకని చోట ఉండదు. మధ్యస్థంగా తాకడం అనేది లేదు. ఆ ఫిల్టర్లన్నీ పువ్వుకు ఇంకా ఏదో కలుపుతున్నాయి. నాకు కావలసింది తగ్గించేవి.

ఇక్కడ కాసేపు ఈ ఊరి గురించి మాట్లాడాలి. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1611లో ఈ రేవులో దిగారు. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. మన తీరంలో రంగులద్దిన నూలు గుడ్డల కోసం యూరప్ ఎంత వెర్రెత్తిపోయిందంటే, తమ నేతపని దెబ్బతింటోందని ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టలను నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో చట్టం చేసి వాటిని కట్టుకోవడమే నేరమంది. లండన్‌లోని, న్యూయార్క్‌లోని మ్యూజియంలలో ఆ గుడ్డలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి ఫొటోలు పెద్దవి చేసి చూడండి. ఒకే కొమ్మకు పది రకాల పువ్వులుంటాయి. అలాంటి చెట్టు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. యూరప్ నుంచి వచ్చిన నమూనాల్లోని పువ్వు, పారశీక తీగ, మన పెరటి పువ్వు, మూడూ కలిపి మన పనివాళ్ళు గీసుకున్న చెట్టు అది. ఇంకా దగ్గరగా చూస్తే, రేకల లోపల చాలాచోట్ల నీడలు కనిపించవు. వాటి బదులు సన్న గళ్ళు, చుక్కలు, చేప పొలుసుల్లాంటి గీతలు ఉంటాయి. ఒక రేకకు ఒక నింపుడు, పక్క రేకకు ఇంకొకటి. వెలుగునీడల స్థానంలో ఇలాంటి నింపుడు నకాషీ పెట్టారు. ఇందాక మీరు తడిమిన మందారంలో ఒక్కో రేకకు ఒక్కో కుట్టు పెట్టాలనే ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది.

1643లో లండన్‌లోని కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు ఉత్తరం రాస్తూ, ముదురు ఎరుపు నేల (అంటే పువ్వుల వెనుక పరుచుకున్న రంగు) మీద వచ్చే దుప్పట్లు ఇక్కడ అంతగా పోవడం లేదు, తెల్ల నేల ఎక్కువగా ఉండి మధ్యలో పువ్వులు రంగుల్లో ఉండేలా పంపండి అని కోరారు. ఇప్పుడు మనం కంప్యూటర్‌లో నేల రంగు మార్చడానికి ఒక మీట జరుపుతాం. అప్పుడు ఆ మార్పు కోసం ఓడలో ఉత్తరం రావాలి, నేల రంగును బట్టి పని వరసే మార్చుకోవాలి. పువ్వును మార్చి గుడ్డకు తగ్గట్టు చేసుకోవడం మనకు కొత్త విద్య కాదు. మన చేతిలోని పనిముట్టు ఒక్కటే కొత్తది.

సరే, పనిలోకి వద్దాం. మొదట ఫొటో.

ఫొటో బాగా తీస్తే కంప్యూటర్ దగ్గర సగం శ్రమ ఉండదు. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. బెర్లిన్‌లో విద్యార్థులకు డిజైన్ నేర్పడం కోసమే ఆయన ఏళ్ళ తరబడి మొగ్గలు, తీగల కొసలు, ఎండిన కాయలు ఫొటోలు తీశారు. కెమెరా కూడా తనే తయారు చేసుకున్నారు. కొన్నింటిని ముప్పై రెట్ల దాకా పెద్దవి చేశారు. 1928లో అవి పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చూసేదాకా అవి క్లాసు పాఠాలే. ఆయన ఫొటోలన్నింటిలో మొక్క వెనుక ఏమీ ఉండదు. వట్టి బూడిద రంగో, తెలుపో. మొక్క ఆకారం ఒక్కటే కనిపించాలని ఆయన పట్టుదల.

మీరు చేయవలసిందీ అదే. పువ్వు వెనుక తెల్ల కాగితమో, ఇస్త్రీ చేసిన తెల్ల పంచె ముక్కో పెట్టండి. పువ్వే తెల్లదైతే నల్ల గుడ్డ పెట్టండి. నందివర్ధనానికి, మల్లెకు నల్లదే కావాలి. పొద్దున ఎనిమిదిలోపు, లేదా మబ్బు పట్టినప్పుడు తీయండి. నడినెత్తిన ఎండలో తీస్తే రేక మీద పడ్డ నీడ కూడా డిజైన్‌లోకి వచ్చేస్తుంది, తర్వాత దాన్ని చెరపడానికి గంట పడుతుంది. ఫ్లాష్ వద్దు. ఒకటి నిటారుగా ఎదురు నుంచి, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనుక నుంచి తీయండి. వెనుక వైపు ఎవరూ తీయరు. ఉమ్మెత్త పువ్వును వెనుక నుంచి, పారిజాతాన్ని దాని నారింజ కాడ కనిపించేలా తీసి చూడండి, అంచు డిజైన్లు వాటంతట అవే వస్తాయి.

ఎర్ర పువ్వుల దగ్గర ఒక చిక్కుంది. మందారాన్ని ఫోన్‌తో తీస్తే చాలాసార్లు ఎర్రటి ముద్దలా వస్తుంది. రేకల మీద ఉన్న ఈనెలు, ముడతలు ఏమీ కనిపించవు. ఫోన్ ఎరుపును తట్టుకోలేక అంతా ఒకే ఎరుపుగా నింపేస్తుంది. తెర మీద పువ్వును వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి జరిపి, ఫొటో కాస్త చీకటిగా ఉన్నా సరే అలాగే తీయండి. చీకటి ఫొటోను తర్వాత వెలిగించవచ్చు. ముద్దయిపోయిన ఎరుపులోంచి ఈనెలను వెనక్కి తేలేం.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన భాగం వస్తుంది, కొంచెం నిదానంగా చెబుతాను. ప్రతి ఫొటోలోనూ నిజానికి మూడు ఫొటోలు ఉంటాయి. ఒకటి ఎరుపు కాంతిది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలానిది. మూడూ ఒకదాని మీద ఒకటి పడి మనకు రంగుల బొమ్మ కనిపిస్తుంది. గింప్‌లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ నొక్కితే ఆ మూడూ విడివిడిగా, నలుపు తెలుపులో బయటికి వస్తాయి.

ఈ మూడు బొమ్మలూ అదే మందారం. ఎరుపుది చూడండి, పువ్వు దాదాపు తెల్ల కాగితంలా ఉంది, లోపల ఏమీ లేదు. నీలంది బాగా నల్లగా ఉంది. ఇక ఆకుపచ్చది చూడండి. రేక మొదట్లో ముదురు మచ్చ, అక్కడి నుంచి విసనకర్ర పుల్లల్లా విచ్చుకున్న ఈనెలు, అంచు దగ్గర మడత. అంతసేపూ అవన్నీ ఎరుపు వెనుక దాక్కుని ఉన్నాయి. మొదటిసారి ఇది చూసిన రోజు నేను చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వెళ్ళి మందారాన్ని మళ్ళీ చూశాను. ఈనెలు నిజంగానే ఉన్నాయి. ఇరవై ఏళ్ళు పూజకు కోస్తూ నేను వాటిని చూడలేదు.

పసుపు పువ్వులకు నీలం బొమ్మ చూడాలి. తంగేడు, బంతి, గుమ్మడి పువ్వు, వీటి లోపలి గీతలన్నీ నీలం కాంతి బొమ్మలోనే ఉంటాయి. మిగతా రెండింటిలో పువ్వు తెల్లబోతుంది. లాప్‌టాప్ లేనివారికి ఫోన్‌లో స్నాప్‌సీడ్ అనే యాప్ ఉంది. అందులో బ్లాక్ అండ్ వైట్ తెరిస్తే రంగు ఫిల్టర్లు కనిపిస్తాయి. ఎర్ర పువ్వుకు ఆకుపచ్చ, పసుపు పువ్వుకు నీలం నొక్కండి. అంతే ఫలితం కాకపోయినా దగ్గరగా వస్తుంది.

ఇలా నలుపు తెలుపు బొమ్మ చేతికొచ్చాక తగ్గించడం మొదలవుతుంది. ముందు ఫిల్టర్స్‌లో మీడియన్ బ్లర్ వేయండి. ఇసుక రేణువుల్లాంటి చుక్కలు కలిసిపోయి, అంచులు మాత్రం నిలుస్తాయి. ఈ పని చేయకపోతే తర్వాత బొమ్మంతా చిల్లర మచ్చలతో నిండిపోతుంది, ఒక్కో మచ్చకూ ఒక్కో కుట్టు వేయలేం కదా.

తర్వాత థ్రెషోల్డ్. దీనిలో ఒక మీట ఉంటుంది. దాన్ని జరుపుతూ పోతే బొమ్మలో బూడిద రంగు మొత్తం మాయమై, ఒక హద్దుకు ఇటువైపు నలుపు, అటువైపు తెలుపు అయిపోతాయి. ఎడమకు లాగితే పువ్వు కరిగిపోయి కేసరాలు, రేకల మొదట్లో మచ్చలు మిగులుతాయి. కుడికి లాగితే పువ్వంతా ఒక నల్లటి నీడ అవుతుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట పువ్వు నిలబడుతుంది. ఆ చోటు ఏ నంబరు అని అడగకండి, ఫొటో ఫొటోకీ మారుతుంది. నేను ముగ్గురు నలుగురికి చూపించి, 'ఇదేం పువ్వు?' అని అడుగుతాను. పేరు చెప్పగలిగినంతవరకూ తగ్గిస్తాను. ఇక ఒక్క అడుగు వేస్తే చెప్పలేరు అన్నచోట ఆగిపోతాను.

ఒక హద్దు చాలకపోతే పోస్టరైజ్ ఉంది, బొమ్మలోని ఛాయలను మనం చెప్పినన్ని మెట్లకు కుదిస్తుంది. మూడు మెట్లు అంటే ముదురు, మధ్యస్థం, లేత. అవే నా మూడు ఎరుపులు. ఒక జాగ్రత్త చెప్పాలి. రంగుల ఫొటో మీద నేరుగా పోస్టరైజ్ వేసి మూడు అని పెడితే మూడు రంగులు రావు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానిలో మూడేసి మెట్లు కలిసి ఇరవై ఏడు దాకా వస్తాయి. అందుకే ముందు నలుపు తెలుపు చేసుకోమన్నాను.

ఇలా తయారైన బొమ్మను ఎంతో సంబరంగా పెడనలో అచ్చులు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. పెడన ఇక్కడికి దగ్గరే, మీ అందరికీ తెలిసిందే. ఆయన కాగితాన్ని వెలుగుకు పట్టుకుని చూసి, "ఈ గీత వెంట్రుకంత కూడా లేదమ్మా, నాలుగు అద్దకాలకే విరిగిపోద్ది" అన్నారు. టేకు చెక్కలో గీత నిలబడాలంటే దానికి కొంత మందం కావాలి. రెండు గీతలు మరీ దగ్గరగా కలిసే మూలల్లో రంగు గడ్డకట్టి, అద్దినప్పుడు మచ్చ పడుతుంది. ఆయన పెన్సిల్‌తో నా బొమ్మలో పదకొండు చోట్ల సున్నాలు చుట్టారు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఇంటికొచ్చి గీతలన్నీ సెలెక్ట్ చేసి, సెలెక్ట్ మెనూలో గ్రో నొక్కి, నాలుగేసి పిక్సెళ్ళు లావు చేశాను. మూలలు గుండ్రం చేశాను. రంగుకు ఒక అచ్చు కాబట్టి, ఒక రంగు పక్క రంగు కిందికి కాస్త చొచ్చుకుపోయేలా పెట్టాను. లేకపోతే అచ్చు వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్ల గుడ్డ కనిపిస్తుంది.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. తెర మీద ఎరుపు నొక్కితే ఎరుపు కనిపిస్తుంది. కలంకారీలో అలా ఉండదు. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు. ఉతికి, వేర్లు వేసి ఉడికించాకే పటిక ఉన్న చోటల్లా ఎరుపు పుడుతుంది. నలుపుకు ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన నీళ్ళు. అంటే అద్దేవారు రంగును కళ్ళతో చూడకముందే మనసులో చూడాలి. అప్పటి నుంచి నేను కంప్యూటర్‌లో రంగులు ఆఖరుకు వదిలేస్తాను. నలుపు తెలుపులో పువ్వు నిలబడితే ఏ రంగులోనైనా నిలబడుతుంది. నలుపు తెలుపులో తేలిపోయిన డిజైన్‌ను ఏ రంగూ కాపాడలేదు.

రంగుల మాట వచ్చింది కాబట్టి, తెర మీద కనిపించే రంగును నమ్మి దారం కొనకండి. తెర వెలుగుతుంది, దారం వెలుగును తాగుతుంది. దారపు చిట్టీలు తీసుకుని పగటి వెలుగులో పువ్వు పక్కన పెట్టి చూసుకోండి. ఆ చిట్టీల నంబర్లే నోటుబుక్కులో రాసుకోండి.

ఇక ఒక పువ్వును చీరంతా పరచడం. చుక్కల ముగ్గు వేసే చేతులకు ఇది నేను నేర్పనక్కర్లేదు. ఒక గడి సరిగ్గా కుదిరితే వాకిలంతా కుదురుతుందని మీకు తెలుసు. గింప్‌లో లేయర్ మెనూలో ట్రాన్స్‌ఫామ్, అందులో ఆఫ్‌సెట్. సగం వెడల్పు, సగం ఎత్తు జరిపే బటన్ అక్కడే ఉంటుంది. అది నొక్కితే గడి నాలుగు అంచులూ మధ్యలోకి వచ్చేస్తాయి. అతుకు ఎక్కడ పడిందో కనిపిస్తుంది, అక్కడ ఒక ఆకో మొగ్గో గీసి కప్పేయండి. క్రిటా అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ కీ నొక్కితే మీరు ఒక గడిలో గీస్తుండగానే చుట్టూ అన్ని గడుల్లోనూ అదే గీత పడుతూ కనిపిస్తుంది. ముగ్గు వేసినంత సుఖంగా ఉంటుంది.

ఐదు రేకల పువ్వులు మాత్రం నలుపలకల గడిలో అంత తేలిగ్గా కూర్చోవు. మందారాన్ని వరసగా పేర్చండి, అన్నీ ఒకే వైపు చూస్తూ కవాతు చేస్తున్నట్టు ఉంటుంది. అందుకే నేను ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేస్తాను. ఒక పువ్వు రేక పైకి చూస్తే పక్క పువ్వు రేక కిందికి చూస్తుంది. వరసలో కదలిక వస్తుంది. వరసకీ వరసకీ మధ్య గోడలో ఇటుకల్లా సగం జరపండి.

తలకిందులు చేయడం వేరు, అద్దంలో చూపినట్టు తిప్పడం వేరు. ఫ్లిప్ అనే బటన్ నొక్కితే రేకలు ఒకదాని మీద ఒకటి పడే వరస తిరగబడుతుంది. మందారానికి ఇబ్బంది లేదు, ఒకే చెట్టుకు రెండు వైపులా తిరిగిన పువ్వులు పూస్తాయి. నందివర్ధనం అలా కాదు. దాని రేకలు గాలిమరలా ఒకే వైపు తిరుగుతాయి, చెట్టుకు ఉన్న పువ్వులన్నీ అంతే. ఫ్లిప్ చేస్తే చెట్టు మీద లేని పువ్వు వస్తుంది. కావాలని చేస్తే నాకేం అభ్యంతరం లేదు, మన పెద్దలు లేని చెట్లనే గీశారు. తెలియక చేయడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

పోచంపల్లి వైపు నుంచి వచ్చినవారు ఇద్దరున్నారని చెప్పారు, మీకోసం ఒక్క మాట. మీ దగ్గర డిజైన్ గళ్ళ కాగితం మీద పుడుతుంది, నూలును కట్టి రంగు వేశాకే నేత మొదలవుతుంది. మీకు థ్రెషోల్డ్ తర్వాత పిక్సలైజ్ అనే ఫిల్టర్ పనికొస్తుంది. ఒక్కో గడిని ఒక్కో నూలు కట్టుగా లెక్కేసుకుని సైజు పెంచుతూ పోండి. వంపులన్నీ మెట్లవుతాయి. నలభై గడుల్లో తామరలా ఉన్నది ఇరవై గడుల్లో ఏమవుతుందో నూలు ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. నేతలో అంచులు కొద్దిగా చెదిరి వచ్చే ఆ మెత్తదనం మాత్రం తెర మీద రాదు, దాన్ని మీ అనుభవంతో ఊహించుకోవలసిందే.

గుడ్డ మీదికి దించడం మీకు వచ్చిన పనే. ప్రింట్ తీయండి, ట్రేసింగ్ పేపర్ మీద సూదితో చిల్లులు పొడవండి, పొడి రుద్దండి. పాతకాలంలో ఇక్కడి పనివాళ్ళూ చిల్లుల కాగితం మీద బొగ్గుపొడి రుద్దే దించేవారు. సైజు విషయంలో మాత్రం నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. పన్నెండు అంగుళాల బొమ్మ స్పష్టంగా రావాలంటే ఫైలు వెడల్పు 3600 పిక్సెళ్ళు ఉండాలి. చాటింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. నేను అలా పంపి, ప్రింట్ షాపులో ఎనిమిది అడుగుల గుడ్డ మీద మసకబారిన తంగేడు తెచ్చుకున్నాను. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: మేడం, ఇప్పుడు ఏఐని అడిగితే పది సెకన్లలో పూల డిజైన్ ఇచ్చేస్తోంది కదా, ఇంత కష్టం ఎందుకు?)

మంచి ప్రశ్న అమ్మా. నేనూ అడిగి చూశాను. అందమైనవే ఇచ్చింది. రెండు ఇబ్బందులు కనిపించాయి. ఒకటి, అందులో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు, ఎందుకంటే నేను దాన్ని తగ్గించలేదు. కుట్టడానికి కూర్చుంటే మళ్ళీ మొదటి నెల కష్టమే. రెండోది, మీ ఇంటి మందారం మీద పురుగు కొట్టిన చిల్లు ఉందనుకోండి. నేను ఒకసారి ఆ చిల్లును అలాగే ఉంచి, చుట్టూ నల్ల దారంతో కుట్టాను. ఆ దుపట్టా కొన్నావిడ ఆ చిల్లు కోసమే కొన్నారు. అది అడిగితే రాదు, చూస్తేనే దొరుకుతుంది. మీకు సమయం తక్కువై వాడుకుంటే నేను తప్పు పట్టను. నేర్చుకునే రోజుల్లో మాత్రం వద్దంటాను.

(సభ నుంచి: నాకు కంప్యూటర్ అంటేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?)

ఒక్క పువ్వుతో. నెల రోజులు అదే పువ్వు. రోజుకో ఫొటో, థ్రెషోల్డ్ ఒక్కటే. మిగతా బటన్లు ఉన్నాయన్న సంగతే మర్చిపోండి. ముప్పై నల్ల తెల్ల బొమ్మలు ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి, ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. అందులో ఒకటి మిమ్మల్ని కుట్టమని అడుగుతుంది. ఒరిజినల్ ఫొటోను మాత్రం ఎప్పుడూ చెరపకండి, కాపీ మీదే పని చేయండి. అది గుర్తుంటే ఏ బటన్ నొక్కినా నష్టం లేదు.

(సభ నుంచి: ఇంటర్నెట్‌లో ఉన్న ఫొటో తీసుకుని ఇలా మార్చేస్తే మనదే అవుతుందా?)

అవదు. ఎంత మార్చినా ఆ ఫొటో తీసినవారి అనుమతి కావాలి. వాళ్ళూ పొద్దున్నే లేచి, వెలుగు కోసం కాచుకుని తీసినవారే. మన పెరళ్ళలో ఇన్ని పూలుండగా ఆ అవసరం ఎందుకు?

ఇంకో పావుగంటలో ఎనిమిదవుతుంది, తర్వాత ఎండ ముదిరిపోతుంది. ఈ హాలు వెనుక నందివర్ధనం చెట్టు నిండా పూసి ఉంది, వస్తూ చూశాను. నల్ల గుడ్డ నేను తెచ్చాను, నలుగురికి సరిపోతుంది, మిగతావారు కొంగులు వాడుకోండి. ముందు ఫోన్లు తీయకండి. ఒక్కొక్కరూ మూడేసి పువ్వులు చూసి, రేకలు ఏ వైపు తిరుగుతున్నాయో నాకు చెప్పండి. పదండి.